షేస్ కత్తి, మా నాన్న చీటీ

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పీటర్‌షామ్ అని ఒక చిన్న ఊరుంది. తెల్ల రంగు చెక్క ఇళ్లు, మధ్యలో ఒక పచ్చిక మైదానం, అంతే. మేముండే ష్రూస్‌బరీ నుంచి కారులో గంట. నాన్న మొదటిసారి అమెరికా వచ్చిన ఏడాది నయాగరా చూపించాం, న్యూయార్క్ చూపించాం, ఆ తర్వాత ఇంట్లో కూర్చోబెట్టాం. ఊరికే కూర్చోవాలంటే ఆయనకి టెన్షన్, ఆయన అలా కూర్చోవడం చూస్తే నాకు టెన్షన్. అక్టోబరులో రంగులు తిరిగిన ఆకులు చూద్దాం పదమని కారెక్కించి, 122వ నంబరు రోడ్డు పట్టుకుని వెళ్లాను. నా అసలు పని ఆకులతో కాదు. ఆ ఊళ్లో జరిగిన ఒకే సంగతికి రెండు శిలాఫలకాలున్నాయి, అవి చూడాలని ఎప్పట్నుంచో కోరిక.

మొదటిది 1927లో పెట్టారు. 1787 ఫిబ్రవరి 4, ఆదివారం ఉదయం, ప్రభుత్వం మీద తిరగబడ్డ డేనియల్ షేస్‌నీ అతని మనుషులు 150 మందినీ జనరల్ బెంజమిన్ లింకన్ ఇక్కడ చెదరగొట్టాడనీ, అందుకోసం గడ్డకట్టే చలిలో, మంచులో రాత్రంతా 30 మైళ్లు నడిచొచ్చాడనీ దాని మీద ఉంటుంది. చివరి వాక్యం: చట్టానికి లోబడటమే నిజమైన స్వేచ్ఛ. రెండోది 1987లో, సరిగ్గా రెండు వందల ఏళ్లకి పెట్టారు. అదే తేదీ, అదే 150 మంది. కానీ ఇందులో షేస్ కెప్టెన్ షేస్ అయ్యాడు, సామాన్యుల కోసం పోరాడినవాడయ్యాడు. లింకన్ సైన్యమేమో బోస్టన్ ధనిక వర్తకుల డబ్బుతో నడిచిన సైన్యమయ్యింది. చివరి వాక్యం: నిజమైన స్వేచ్ఛకీ న్యాయానికీ చట్టాన్ని ఎదిరించాల్సి రావచ్చు.

రెండూ చదివి నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు ఆ రాళ్ల వంకే చూసి, “బానే ఉంది గానీ, అంతకీ బాకీ ఎవరు ఎవరికిరా?” అన్నారు.

ఈ రెండు రాళ్ల మీదా లేని ప్రశ్న అది. షేస్ తిరుగుబాటు గురించి ఎక్కడ చదివినా ‘అప్పుల్లో కూరుకుపోయిన రైతుల తిరుగుబాటు’ అనే మొదలవుతుంది. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. అబద్ధమని అనను, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ రైతుల్లో చాలామంది ముందు అప్పిచ్చినవాళ్లు. ప్రభుత్వమే వాళ్లకి బాకీ పడింది.

డేనియల్ షేస్ పెల్హామ్ అనే కొండప్రాంతపు ఊరి రైతు. బ్రిటిష్ వాళ్లతో యుద్ధం మొదలవగానే వెళ్లి చేరాడు. బంకర్ హిల్ పోరులో ఉన్నాడు, సారటోగా పోరులో ఉన్నాడు, కెప్టెన్ దాకా ఎదిగాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చి అమెరికన్ల పక్షాన పోరాడిన లఫయెత్ 1780లో ఒక అలంకారపు కత్తి బహుమతిగా ఇస్తే, డబ్బుకి ఇబ్బందై కొద్ది డాలర్లకి దాన్ని అమ్ముకున్నాడు. బహుమతి కత్తి అమ్ముకున్నాడని తోటి ఆఫీసర్లు చిన్నచూపు చూశారు. జీతం సరిగ్గా వస్తే ఎవడమ్ముకుంటాడు చెప్పండి?

సైనికులకి జీతం కాగితాల్లో ఇచ్చారు. ఫలానా వాడికి ఇంత బాకీ ఉన్నాం, ఫలానా నాటికి వడ్డీతో ఇస్తాం అని రాసిన ప్రభుత్వ పత్రాలవి. ఇంటికొచ్చిన సైనికుడికి విత్తనాలు కావాలి, పన్ను కట్టాలి, పిల్లలకి తిండి పెట్టాలి. కాగితం ఎప్పటికి డబ్బవుతుందో తెలియదు. కొనేవాడు మాత్రం సిద్ధంగా ఉన్నాడు, రూపాయికి పావలా కూడా చెయ్యని ధరకి. అలా ఒక్కొక్కటిగా ఆ పత్రాలు పల్లెల్లోంచి రాజధాని బోస్టన్ వైపు వెళ్లిపోయి కొద్దిమంది చేతుల్లో పోగుపడ్డాయి.

దగ్గర్లో కనబడ్డ బెంచీ మీద కూర్చుని నాన్నకి ఈ సంగతి చెబుతుంటే సగంలోనే అందుకున్నారు. ఆయన ధాన్యం తోలిన ఒక మిల్లు వాళ్లు డబ్బుకి బదులు చీటీ రాసిచ్చారట. నెలలు గడిచినా చీటీ చీటీగానే ఉంది. అక్క పెళ్లికి అవసరమై దాన్ని మా పక్క ఊరి షావుకారుకి వందకి డెబ్బై చొప్పున ఇచ్చేశారు. ఆ షావుకారుకి మిల్లు వాళ్లు తర్వాత వారమే వందకి వందా ఇచ్చారు. మా ఊరు బాపట్ల దగ్గర. ఈ కథ ఇంట్లో వంద సార్లు విన్నాను గానీ, దాన్ని 18వ శతాబ్దపు మసాచుసెట్స్‌తో కలిపి వినడం అదే మొదటిసారి.

నాన్న కథ అక్కడితో ఆగింది. షేస్ వాళ్లది ఆగలేదు. ఆ షావుకారుకి ఇచ్చిన వంద రూపాయల్లో కొంత పన్ను వేసి మళ్లీ నాన్న దగ్గరే వసూలు చేశారనుకోండి. అదీ వాళ్ల పరిస్థితి.

రాష్ట్ర శాసనసభ ఆ పత్రాలన్నిటినీ మార్కెట్లో పలుకుతున్న ధరకి కాదు, ముఖ విలువకే, వెండి బంగారు నాణేలతో తీరుస్తానంది. అందుకు పన్నులు వేసింది. 1786 మార్చిలో వేసిన పన్ను ఒక్కటే సుమారు 3 లక్షల పౌన్లు. అందులో రాష్ట్రాలన్నిటి ఉమ్మడి సభ అయిన కాంగ్రెస్‌కి పంపాల్సిన వాటా కూడా ఉందనుకోండి. నేరుగా వేసే పన్నుల్లో దాదాపు మూడో వంతు తలపన్ను, అంటే 16 ఏళ్లు దాటిన ప్రతి మగవాడికీ ఇంత అని. నౌకలున్న వర్తకుడి తలకీ, రెండు ఆవులున్న రైతు తలకీ ఒకటే రేటు. పైగా నాణెంలో కట్టాలి. పడమటి కొండల్లో నాణెం ఎక్కడిది? అక్కడ జనం గోధుమకి పని, పనికి చెక్క పలకలు అన్నట్టు ఏడాది పొడుగునా మాట మీద బతికేవాళ్లు. నాణేలు రేవు పట్టణాల్లో ఉండేవి, అవీ ఓడల్లో లండన్ వెళ్లిపోతున్నాయి.

నేను కొట్టిపారేయలేని సగం ఇక్కడే ఉంది. యుద్ధం అయిపోయాక లండన్ వర్తకులు బోస్టన్ వాళ్లకి సరుకు అప్పుగా పంపారు. వెస్టిండీస్ రేవుల్లోకి మాత్రం అమెరికన్ ఓడల్ని బ్రిటన్ రానివ్వలేదు. బేరాలు పడిపోయాయి. లండన్ వాడు బోస్టన్ వాడి పీక పట్టుకున్నాడు, బోస్టన్ వాడు పల్లెలో కొట్టువాడి పీక, కొట్టువాడు రైతు పీక. 1784 ఆగస్టు నుంచి 1786 ఆగస్టు దాకా ఒక్క హాంప్‌షైర్ కౌంటీలోనే దాదాపు 3 వేల బాకీ కేసులు నడిచాయి. వకీలు ఫీజులు, కోర్టు ఖర్చులు కలిపితే కొన్నిసార్లు అసలు బాకీని దాటేవి. షరీఫు వచ్చి పశువుల్ని తోలుకుపోయి చవగ్గా వేలం వేసేవాడు. తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టేవాళ్లు. జైల్లో కూర్చున్నవాడు బాకీ ఎలా తీరుస్తాడన్నది ఆనాటి చట్టం తనని తాను అడుక్కోని ప్రశ్న.

అయినా అసలు మంట పన్నుల దగ్గరే అంటాను. తిరుగుబాటు తర్వాత క్షమాపణ పత్రం మీద సంతకాలు పెట్టిన 4 వేల మంది పేర్లు మిగిలున్నాయి. వాటిని ఊరూరా తీసి చూసిన పరిశోధనలో తేలిందేమిటంటే, బాకీ కేసులు ఎక్కువున్న ఊళ్లూ తిరుగుబాటులో ముందున్న ఊళ్లూ ఒకటి కావు. ఆ 4 వేల మందిలో అప్పుపడ్డవాళ్లూ ఉన్నారు, అప్పిచ్చినవాళ్లూ ఉన్నారు. బాకీ బాధే అయితే పక్కపక్కనే నిలబడే మనుషులు కారు వాళ్లు.

ఓటు వేసి మార్చుకోవచ్చు కదా అంటారేమో. 1780లో వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఓటు కావాలంటే 60 పౌన్ల ఆస్తి ఉండాలి, సెనేటర్‌కి 300 పౌన్ల భూమి, గవర్నరుకి 1,000 పౌన్ల భూమి. సెనేట్ సీట్లు జనాభాని బట్టి కాదు, ఏ జిల్లా ఎంత పన్ను కడుతుందో దాన్ని బట్టి. దిగువ సభకి మనిషిని పంపాలంటే అతని ఖర్చు ఊరే భరించాలి. బోస్టన్‌లో నెలల తరబడి ఒకణ్ణి ఉంచి పోషించే స్తోమత చాలా ఊళ్లకి లేదు, కాబట్టి పంపలేదు. వాళ్లు లేని సభలో వాళ్ల మీద పన్ను పడింది. పదేళ్ల కిందట బ్రిటిష్ రాజు మీద తుపాకీ పట్టింది ఈ మాట మీదే కదా?

ముందు అర్జీలే పెట్టుకున్నారు, ఏళ్ల తరబడి. 1786 ఆగస్టులో హాట్‌ఫీల్డ్‌లో 50 ఊళ్ల ప్రతినిధులు కూర్చుని కోర్కెల చిట్టా రాశారు. సెనేట్ వద్దు, కోర్టు ఫీజులు తగ్గించాలి, కాగితపు డబ్బు అచ్చువేయాలి, శాసనసభ బోస్టన్ వదిలి రావాలి. హింస వద్దని కూడా రాశారు. ఆ నెల 29న నార్తాంప్టన్‌లో దాదాపు 1,500 మంది కోర్టు మెట్ల ముందు నిలబడి జడ్జిల్ని లోపలికి పోనివ్వలేదు. కోర్టు తెరుచుకోకపోతే డిక్రీ ఉండదు, డిక్రీ లేకపోతే జప్తు ఉండదు. అంత సూటి లెక్క. తమని తాము రెగ్యులేటర్లు, అంటే ప్రభుత్వాన్ని దారిలో పెట్టేవాళ్లు, అని పిలుచుకున్నారు, యుద్ధంలో పెట్టుకున్నట్టే టోపీలో హెమ్లాక్ చెట్టు రెమ్మ పెట్టుకున్నారు. ‘షేస్ తిరుగుబాటు’ అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. ఒకప్పుడు షేస్ పై ఆఫీసరైన రూఫస్ పుట్నామ్ వచ్చి మాట్లాడితే, నేను వాళ్ల నాయకుణ్ణి కానన్నాడట షేస్.

తర్వాతి వారం వూస్టర్ కోర్టు వంతు. ఇది మేమిప్పుడుండే ఊరికి సంబంధించిన ముక్క కాబట్టి కాస్త ఆగుతాను. అక్కడి జడ్జి ఆర్టెమస్ వార్డ్ ష్రూస్‌బరీ మనిషి. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, నేను కూరగాయలకి వెళ్లేటప్పుడు దాని ముందు నుంచే వెళ్తాను. యుద్ధం మొదట్లో వాషింగ్టన్ వచ్చేదాకా సైన్యాన్ని నడిపినవాడు. కోర్టు మెట్ల మీద బాయినెట్లు ఎదురుగా పెడితే బెదరకుండా రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్లు విన్నారు. విని, దారి మాత్రం ఇవ్వలేదు. కాపలాకి రమ్మని మిలీషియాకి, అంటే ఊళ్ల పౌరదళానికి, కబురు పెడితే వాళ్లూ రాలేదు. తన ఇరుగుపొరుగు మీద తుపాకీ ఎత్తడానికి ఎవరొస్తారు? వార్డ్ అంటే నాకు గౌరవమే. ఆయన ధైర్యం గొప్పదే, పక్షం తప్పు.

గ్రేట్ బారింగ్టన్‌లో జరిగింది ఇంకా బావుంటుంది. కోర్టుకి రక్షణగా దాదాపు వెయ్యిమంది మిలీషియా వచ్చారు. కోర్టు జరగాలనేవాళ్లు రోడ్డుకి ఈ పక్క, వద్దనేవాళ్లు ఆ పక్క నిలబడండి అన్నారు. 800 మంది ఆ పక్కకి పోయారు. ఆ కోర్టు ప్రధాన న్యాయమూర్తి విలియం వైటింగ్ మనసు కూడా ఆ పక్కే ఉంది. రాష్ట్రం మొత్తంలో ఆస్తి లెక్క లేకుండా జనం అభిప్రాయం అడిగింది బహుశా ఆ రోడ్డు మీదే.

బోస్టన్ ఏం చేసింది? బ్రిటిష్ పన్నుల మీద ఊరిని ఉసిగొల్పిన శామ్యూల్ ఆడమ్స్ ఇప్పుడు శాసనసభలో పెద్దమనిషి. రాచరికంలో తిరుగుబాటుని క్షమించవచ్చు గానీ, గణతంత్రంలో చట్టానికి ఎదురుతిరిగినవాడు చావాల్సిందే అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే. గుంపుల్ని అణచే చట్టం వచ్చింది, విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారం వచ్చింది. సైన్యానికి ఖజానాలో డబ్బు లేదు. గవర్నర్ జేమ్స్ బౌడిన్ బోస్టన్ వర్తకుల్ని అడిగితే వాళ్లు చందాలేసుకుని ఇచ్చారు. బౌడిన్ దగ్గరా ఆ ప్రభుత్వ పత్రాలున్నాయి. చందాలిచ్చినవాళ్లలో చాలామంది దగ్గరా ఉన్నాయి. అంటే పత్రాలకి డబ్బు రావాలంటే పన్ను వసూలవ్వాలి, పన్ను వసూలవ్వాలంటే కోర్టు నడవాలి, కోర్టు నడవాలంటే సైన్యం కావాలి. రెండో రాయి మీద రాసింది అక్షరాలా నిజం.

1787 జనవరి 25న రెగ్యులేటర్లు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి నడిచారు. లోతైన మంచు. రెండో దళం నాయకుడు లూక్ డే ‘రేపటికి గానీ రాలేను’ అని పంపిన చీటీ ప్రభుత్వ మనుషుల చేతిలో పడింది, షేస్‌కి అందలేదు. లోపల జనరల్ విలియం షెపర్డ్ ఉన్నాడు. ఆ ఆయుధాలు కాంగ్రెస్‌వి, వాడుకునే అనుమతి ఆయనకి లేదు. చట్టాన్ని కాపాడటానికి ఆయనా చట్టం దాటినవాడే, ఆ సంగతి మొదటి రాయి మీద లేదు. ఫిరంగిని ముందు తలల పైకి, తర్వాత నడుముల ఎత్తుకి పేల్చాడు. నలుగురు చచ్చిపోయారు, 20 మంది దాకా గాయపడ్డారు. రైతుల వైపు నుంచి ఒక్క గుండు పేలలేదు. ‘హత్య, హత్య’ అని అరుస్తూ వెనక్కి పరుగెత్తారు. తమ పక్కన యుద్ధం చేసినవాళ్లు తమ మీద నిజంగా పేలుస్తారని వాళ్లు నమ్మలేదనే నాకనిపిస్తుంది. పది రోజులకి పీటర్‌షామ్. పొద్దున్నే టిఫిను చేస్తుండగా లింకన్ మీద పడ్డాడు, షేస్ వెర్మాంట్ వైపు పారిపోయాడు.

అందరూ బుద్ధిమంతులని నేననను. ఫిబ్రవరి చివర్లో ఒక ముఠా స్టాక్‌బ్రిడ్జ్‌లో ఇళ్లు దోచుకుంది. లాయరు థియోడర్ సెడ్జ్‌విక్ ఇంట్లో వెండి సామాను వాళ్లకి దొరక్కుండా తన పెట్టెలో దాచింది ఎలిజబెత్ ఫ్రీమన్. ఐదారేళ్ల ముందు కోర్టుకెళ్లి బానిసత్వం నుంచి విముక్తి గెలుచుకున్న నల్లజాతి స్త్రీ ఆమె, ఆ కేసు వాదించింది సెడ్జ్‌విక్కే. ఆమెకి కోర్టు అంటే జప్తు కాదు, స్వేచ్ఛ. అటు రెగ్యులేటర్లలోనూ మోసెస్ సాష్ అనే నల్లజాతి మాజీ సైనికుడున్నాడు, కేసు పెట్టినప్పుడు అతన్ని షేస్ సలహాదారుల్లో ఒకడిగా రాశారు. కాబట్టి పేదలందరూ ఇటు, ధనికులందరూ అటు అని గీత గీసి కూర్చోలేం.

ఇక ‘అప్పులోళ్ల తిరుగుబాటు’ అన్న ముద్ర ఎలా పడిందో చూడండి. 1786 అక్టోబరులోనే కాంగ్రెస్ తరఫున యుద్ధ వ్యవహారాలు చూసే హెన్రీ నాక్స్ వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు. దేశంలో ఆస్తంతా అందరికీ ఉమ్మడి కావాలన్నది వీళ్ల మతమట, నియమం లేని మొండివాళ్లు 12 నుంచి 15 వేల మంది ఉన్నారట. ఆస్తి పంచమని హాట్‌ఫీల్డ్ చిట్టాలో ఎక్కడా లేదు. లండన్‌లో అమెరికా రాయబారి జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్ ఆడమ్స్ అక్కణ్ణుంచి జెఫర్సన్‌కి రాస్తూ మనస్సాక్షి లేని మూర్ఖులు అంది. ఆమె స్వయంగా ప్రభుత్వ పత్రాలు చవగ్గా కొని లాభం చేసుకున్న మనిషి. తర్వాత దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయిన హామిల్టన్ అయితే, షేస్ అప్పుల్లో మునిగి ఉండకపోతే మసాచుసెట్స్ అంతర్యుద్ధంలోకి దిగేదా అన్నది అనుమానమే అని పత్రికలో రాశాడు. ఒక మనిషి అప్పు మీదికి నెట్టేస్తే రాష్ట్రం చేసిన బాకీ కనబడదు.

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాసిన అమెరికా రాజ్యాంగంలో మొదటి అధికరణం పదో సెక్షన్ చూడండి. ఏ రాష్ట్రమూ కాగితపు డబ్బు విడుదల చేయకూడదు, బంగారం వెండి తప్ప మరోదాన్ని బాకీకి చెల్లుబాటు చేయకూడదు, ఒప్పందాల కట్టుబాటుని సడలించే చట్టం చేయకూడదు. హాట్‌ఫీల్డ్ చిట్టాలోని పెద్ద కోర్కె ఒకటి శాశ్వతంగా మూసేశారు. ఇది షేస్ ఒక్కడి వల్ల రాలేదు, రోడ్ ఐలండ్ అచ్చువేసిన కాగితపు డబ్బు భయం కూడా ఉంది. కానీ ఇది చదివినప్పుడల్లా నాకు మా ముత్తాత బాకీ గుర్తొస్తుంది. 1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన బాకీ అయితే 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకి రెండింతలు అప్పటికే కట్టేసి ఉంటే బాకీయే రద్దు. మా ముత్తాత నోటు అలాగే చెల్లిపోయిందని నాన్న చెబుతారు. మా మూడెకరాలు అందుకే మిగిలాయి. పదో సెక్షన్ లాంటిది మా మీద ఉండుంటే అలాంటి చట్టం తేవడం అంత తేలిక్కాదు. షావుకారు వైపూ న్యాయం ఉంటుందని తెలుసు. అయినా నేను ఆ మూడెకరాల పంట తిని చదువుకున్నవాణ్ణి, మధ్యస్థంగా మాట్లాడలేను.

మరి షేస్ వాళ్లు ఓడిపోయినట్టేనా? 1787 ఏప్రిల్ ఎన్నికల్లో బౌడిన్‌ని జాన్ హాంకాక్ దాదాపు మూడింతల ఓట్లతో ఓడించాడు. శాసనసభలో ఎక్కువమంది కొత్త మొహాలు. పన్ను తగ్గింది, బాకీల వసూలుకి వెసులుబాటు వచ్చింది, ఉరిశిక్ష పడ్డవాళ్లలో చాలామందికి క్షమాభిక్ష దొరికింది. జాన్ బ్లై, చార్లెస్ రోజ్ అనే ఇద్దరిని మాత్రం ఆ డిసెంబరులో లెనాక్స్‌లో ఉరి తీశారు. తుపాకీతో రానిది ఓటుతో వచ్చిందని కొందరంటారు. ఆ తుపాకీ లేకపోతే ఆ ఓటు అటు పడేదా అని నా అనుమానం.

పత్రాల సంగతి 1790లో తేలింది. కేంద్ర ప్రభుత్వ పత్రాల మీద ఇప్పుడున్నవాడికి మార్కెట్ ధర ఇచ్చి, మిగతాది మొదట పుచ్చుకున్న సైనికుడికి ఇద్దామని కాంగ్రెస్‌లో ఒకాయన ప్రతిపాదించాడు. ఆయన ఆ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్. కాగితపు డబ్బు కోసం, బాకీల రద్దు కోసం ఎగబడటాన్ని దుర్మార్గపు ఆలోచనల జాబితాలో రాసిన మనిషి. అది 36-13 ఓట్లతో వీగిపోయింది. వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లలో స్టాక్‌బ్రిడ్జ్ సెడ్జ్‌విక్ ఒకడు. రాష్ట్రాల బాకీల్ని కూడా కేంద్రం నెత్తికెత్తుకుంది. ఎవరి చేతిలో కాగితం ఉంటే వాడికే డబ్బు.

తిరుగు దారిలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పాక్స్‌టన్ దాటాక, “ఆ షేస్ ఏమయ్యాడు?” అని అడిగారు.

1788లో క్షమాభిక్ష దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలో స్పార్టా అనే ఊరికి వెళ్లిపోయి, 1825లో అక్కడే పోయాడు. చివరి రోజుల్లో స్వాతంత్ర్య యుద్ధ సైనికుడిగా పింఛను వచ్చింది, ఆఫీసర్లకి నెలకి 20 డాలర్లు. 1818 చట్టం ప్రకారం ఆ పింఛను కావాలంటే తాను బీదవాణ్ణని జడ్జి ముందు ప్రమాణం చేయాలి.

“కోర్టుకి వెళ్లాడన్నమాట,” అన్నారు నాన్న.